పక్క మొగ్గలు

ఏడాదిలో ఒక నెల మా ఫ్రిజ్‌లో పెరుగుకు చోటు దొరకదు. గులాబీ పోటీలకు ముందొచ్చే చలికాలపు నెల అది. పై అరలో సోడా సీసాల్లో నిలబెట్టిన గులాబీలుంటాయి, కింది అరలో వాటికి తోడు మరికొన్ని ఉంటాయి, దోసెల పిండి మాత్రం వంటగట్టు మీద పులిసిపోతూ ఉంటుంది. మా ఇంటాయన తలుపు తీయాలంటే నన్నడగాలి. తీసి ఎక్కువసేపు నిలబడితే తిట్లు తినాలి. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆయనకు రెండూ అలవాటైపోయాయి.

ఆ ఏడాది మాత్రం మామూలు పోటీ కాదు. ఎక్కడెక్కడి దేశాల్లోనో జరుగుతాయని వినడమే తప్ప చూసి ఎరగని అంతర్జాతీయ గులాబీ సమావేశం మన ఊరికే వచ్చింది. అదీ మా ఇంటికి పావుగంట దూరంలో, పంజాగుట్టలోని ఒక పెద్ద హోటల్‌కు. పావుగంట అంటే నడిస్తే. ఆటోలో అయితే ముప్పావుగంట.

మాది అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో నాలుగంతస్తుల పాత బిల్డింగ్. టెర్రస్ మీద నావి యాభై కుండీలు, వాటికింద సనత్‌నగర్‌లో వెల్డింగ్ చేయించి తెచ్చిన ఇనుప స్టాండ్లు. మెట్రో రైలు స్టేషన్ వైపు తిరిగేటప్పుడు మా టెర్రస్ బాగా కనిపిస్తుంది. ఎవరో ఒకరు తల తిప్పి నా పూలు చూస్తారని ఎంతో ఆశపడేదాన్ని. ఒకరోజు నేనే రైలెక్కి గమనించాను. ఒక్కరూ చూడలేదు. అందరూ ఫోన్లలో తలలు దూర్చుకుని ఉన్నారు. ఆ కోపంతో ఆ రోజు మాసబ్ ట్యాంక్‌లోని మా ఆఫీసులో ఇద్దరిని అనవసరంగా కసిరాను.

అదే టెర్రస్ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, పెయింట్ బకెట్‌లో ఒకే ఒక్క గులాబీ చెట్టు ఉంటుంది. అది మా ఎదురింటి ఆపాది. నాకంటే ఆరేళ్లు పెద్ద. బిల్డింగ్‌లో అందరూ ఆపా అంటారు, నేనూ అంతే. ఆమె నన్ను చెల్లె అంటుంది. దర్గా దగ్గర పూలమ్మేవాళ్ల పెరట్లోంచి ఎప్పుడో తెచ్చిన కొమ్మను ఆ బకెట్‌లో గుచ్చింది. నేను కొలతలు చూసి ఎరువులు వేస్తాను, ఆపా మాత్రం చాయ్ పత్తి, మటన్ కడిగిన నీళ్లు పోస్తుంది. నా పూలు ఎంతో అందంగా ఉంటాయి కానీ ముక్కు ఆనించినా వాసన రాదు. ఆపా చెట్టు లేత గులాబీరంగు పూలను గుత్తులుగా పూస్తుంది. మెట్లెక్కుతూ రెండో అంతస్తులో ఉండగానే వాసన తగులుతుంది. అది నాకు చాలా ఏళ్లు కడుపుమంటగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సమావేశంతో పాటు పూల ప్రదర్శన కూడా ఉందనీ, ఊళ్లో ఎవరైనా పూలు పెట్టొచ్చనీ మా గులాబీ సంఘం వాళ్లు చెప్పగానే నేనే వెళ్లి ఆపా తలుపు కొట్టాను.

"నా బకెట్ గులాబీనా? జానే దో చెల్లె, గా ఫారిన్‌వాళ్ల ముందట నవ్వులపాలైతం" అంది.

"గుత్తి పూలకు వేరే విభాగం ఉంది ఆపా. ఒకటే కొమ్మ, కొమ్మకు కనీసం మూడు పూలు విచ్చుకోవాలె. నీ చెట్టు దానికోసమే పుట్టింది. ఫారం నేనే నింపుత."

నింపాను. వారం తిరిగేసరికి ఆపా పేరుతో మెళ్లో వేసుకునే పాస్ వచ్చింది. దాంతో ఆపా మనిషే మారిపోయింది. పాస్‌ను బీరువాలో నగల పక్కన పెట్టింది. వచ్చిన ప్రతివాళ్లకూ తీసి చూపించింది. మెహిదీపట్నంలో ఉండే చెల్లెలికి, వాళ్ల కోడళ్లకు, మనవలకు, ఆఖరికి పాలవాడికి కూడా ఫలానా రోజు వచ్చి చూడమని చెప్పేసింది. "ఇంత వయసొచ్చింది, నా పేరు రాసున్న కాయితం కరెంటు బిల్లు తప్ప ఇంకోటి చూడలే" అంది నాతో. నవ్వుతూనే అంది కానీ నాకు గట్టిగా తగిలింది. ఆ పువ్వును ప్రదర్శనలో నిలబెట్టే పూచీ నాది అనుకున్నాను.

గులాబీవాళ్ల పని పువ్వు పూశాక మొదలవుతుందనుకుంటారు చాలామంది. అసలు పని కత్తిరింపు రోజునే మొదలవుతుంది. ఏ రోజున కత్తిరిస్తే ఏ రోజుకు పూస్తుందో లెక్క ఉంటుంది. ఆపా చెట్టును కూడా లెక్క ప్రకారం నేనే కత్తిరించాను. ఒక్క కొమ్మ మాత్రమే లెక్కకు సరిగ్గా వచ్చింది. దాని చివర ఆరు మొగ్గలు, నడిమిది ఒకటి, చుట్టూ ఐదు. మిగతా కొమ్మల మీద మొగ్గలు ఇంకా బియ్యపు గింజలంతే ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను పెంచే జాతి గులాబీలకు ఒక కొమ్మకు ఒకటే పువ్వు ఉండాలి. అందుకని పక్క మొగ్గలు కనబడగానే గోటితో గిల్లేస్తాం. బలమంతా నడిమి మొగ్గకు పోయి పువ్వు పెద్దదవుతుంది. గుత్తి గులాబీలకు సరిగ్గా తలకిందులు. నడిమి మొగ్గ తొందరపడి ముందే విచ్చుకుని రాలిపోతుంది కాబట్టి దాన్ని గిల్లి, పక్క మొగ్గలను ఉంచాలి. ఇది నాకు తెలుసు. కొత్తగా చేరినవాళ్లకు నేర్పేదాన్నే నేను.

ఆపా రెండు రోజులు చెల్లెలింటికి వెళుతూ చెట్టుకు నీళ్లు పోయమంది. పొద్దున టెర్రస్ మీదికి వెళ్లాను. అప్పుడే సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. సమావేశం భోజనాల కూపన్లలో కార్యకర్తలకు కోత పెట్టారట. నాకు చిర్రెత్తింది. "నాలుగు రోజులు కుర్చీలు మేం మోయాలె, బిర్యానీ మీరు తినాలెనా?" అని మొదలుపెట్టి అరగంట దులిపేశాను. ఎడమ చేత్తో ఫోన్, కుడి చెయ్యి ఖాళీ. కూపన్లు సాధించి విజయగర్వంతో ఫోన్ పెట్టేసి చూసుకుంటే కుడి అరచేతిలో ఐదు మొగ్గలున్నాయి.

కొమ్మ మీద నడిమి మొగ్గ ఒక్కటే నిలబడి ఉంది. ఎంత శుభ్రంగా గిల్లానో చెప్పలేను. ముప్పై ఏళ్ల అలవాటు. అక్కడే నీళ్ల పైపు మీద కూర్చుండిపోయాను.

చెప్పేద్దామనే అనుకున్నాను. రెండు రోజులూ మాటలు కూర్చుకున్నాను. మూడో రోజు ఆపా వచ్చి, సంచీ కింద పెట్టకుండానే టెర్రస్ ఎక్కి, "చెల్లె, పక్క మొగ్గలు ఏమైనయ్?" అని అడిగింది. ఆ మొహం చూడగానే కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"పిట్టలు కొట్టినట్టున్నయ్ ఆపా" అన్నాను.

ఆపా కొమ్మను వేళ్లతో పట్టుకుని కాసేపు చూసింది. "పిట్టలా?" అంది. "మస్తు చెడ్డ పిట్టలున్నయ్‌లే అమీర్‌పేటల."

మర్నాడు పొద్దున టెర్రస్ మీదికి వెళితే కళ్లు జిగేల్‌మన్నాయి. ఆపా పాత సీడీలన్నీ తెచ్చి దారాలు కట్టి చెట్టు చుట్టూ వేలాడదీసింది. మనవడి పుట్టినరోజులు, ఎవరెవరివో పెళ్లిళ్లు, కంప్యూటర్ కోర్సులు అన్నీ గాలికి తిరుగుతూ ఎండను తెచ్చి నా మొహం మీద పడేస్తున్నాయి. పొలాల్లో పిట్టలను బెదిరించినట్టు మా టెర్రస్ మీద చేసింది. అంతటితో ఆగకుండా రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. ఏ పాపం ఎరగని పావురాలను "హుష్" అని తరిమేది. నేను కుండీల మధ్య తలవంచుకుని తిరిగేదాన్ని. ఇరవై రోజులు ఆ వెలుతురు నా కళ్లలో పడుతూనే ఉంది. ఒక్కరోజైనా నోరు పెగల్లేదు. ఆఫీసులో అందరినీ నిలదీసి అడిగే మనిషిని, ఒక పెయింట్ బకెట్ ముందు పిల్లినైపోయాను.

ప్రదర్శన రోజు పొద్దున్నే పూలన్నీ సీసాల్లో పెట్టుకుని ఆటో ఎక్కాం. నా ఒళ్లో నాలుగు సీసాలు, ఆపా చేతిలో ఒకటే సీసా, మెళ్లో పాస్. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద బండి ఆగిపోతే ఆటోవాలా వెనక్కి తిరిగి, "ఏం పూలమ్మా, పెళ్లికా?" అన్నాడు. "ఇంటర్నేషనల్" అంది ఆపా.

హాల్లో చూస్తే టోపీలు పెట్టుకున్న విదేశీయులు, భుజాన సంచులు, బల్లల నిండా గులాబీలు. రేకులు సర్దడానికి అందరి చేతుల్లోనూ చిన్న బ్రష్షులు. నాది కృష్ణానగర్‌లో సినిమా మేకప్ సామాను అమ్మే కొట్లో కొన్నది. దాన్ని చూసి ఒక విదేశీ ఆవిడ ముచ్చటపడి, ఎక్కడ దొరుకుతుందని అడిగింది. దారి చెప్పడానికి నా ఇంగ్లీషు చాలక పటం గీసిచ్చాను. నల్లమచ్చ తెగులు, ఆకుల కింద ఎర్రనల్లులు, పూలంటే విసుక్కునే మొగుళ్లు అన్ని దేశాల్లోనూ ఒకటేనని ఆ ఒక్క పూటలో అర్థమైంది. మేకపెంట గురించి ఆమెతో మాట్లాడినంత సంతోషంగా మా సొంత అక్కచెల్లెళ్లతో కూడా ఎన్నడూ మాట్లాడలేదు.

ఆపా పువ్వును ఒంటి పువ్వుల విభాగానికి మార్చమని రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర బతిమాలాను. మార్పులకు గడువు అయిపోయిందన్నారు. గుత్తి పూల బల్ల మీద, నిండు గుత్తుల మధ్య ఆ ఒక్క పువ్వును నిలబెట్టాం. న్యాయనిర్ణేతలు వెళ్లాక చూస్తే సీసా ముందు ఒక తెల్లకార్డు ఉంది. నిబంధనల ప్రకారం లేదని దాని మీద రాసుంది. అంటే పోటీలోనే లేదన్నమాట. చదివి చెప్పాను. ఆపా తల ఊపి, పాస్ సరిచేసుకుంది. సాయంత్రం మెహిదీపట్నం నుంచి అందరూ వస్తున్నారు.

అప్పుడే ఒక ముసలి విదేశీయుడు బల్ల వెంబడి నడుస్తూ వచ్చి మా పువ్వు దగ్గర ఆగిపోయాడు. వంగి వాసన చూశాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ చూశాడు. అంతలో అతని కన్ను కొమ్మ మీద పడింది. కళ్లజోడు పైకి తోసి, పువ్వు కింద ఐదు చిన్న మచ్చలను వేలితో చూపిస్తూ ఇంగ్లీషులో అడిగాడు. "ఈ పక్క మొగ్గలను గిల్లిందెవరు? తోలు కూడా లేవలేదు, చాలా అనుభవమున్న చెయ్యి. కానీ ఈ జాతికి ఇలా ఎందుకు చేశారు?"

"ఏమంటున్నడు?" అంది ఆపా.

"వాసన మస్తున్నదంటుండు."

"గంత సేపు గదొక్కటే అన్నడా? కొమ్మ మీద ఏం చూపిస్తుండు?"

"పక్క మొగ్గలు ఎవరు గిల్లిన్రని అడుగుతుండు ఆపా."

"మరి చెప్పు."

"ఏం చెప్పాలె?"

"పిట్టలని చెప్పు" అంది ఆపా తాపీగా. "ఇంగ్లీషుల చెప్పు."

ఆయన నా మొహం చూస్తున్నాడు. ఆపా కూడా చూస్తోంది. నా మెళ్లో సంఘం బ్యాడ్జీ వేలాడుతోంది. "నేనే గిల్లాను" అన్నాను ఆయనతో ఇంగ్లీషులో. తర్వాత ఆపా వైపు తిరిగాను. "నేనే గిల్లిన ఆపా. ఫోన్ మాట్లాడుకుంట, సోయి లేక గిల్లిన. అబద్ధం చెప్పిన. మాఫ్ చెయ్." కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఏడవడం చేతకాదు, ముక్కు మాత్రం కారుతుంది.

"తెల్సు" అంది ఆపా. "పిట్ట ముక్కుతో కొడితే గోటి గాటు పడుతదా? నువ్వు గిల్లితే ఎట్లుంటదో ఇన్నేండ్ల సంది నీ కుండీల కాడ చూస్తలేనా?"

"మరి గా సీడీలు?"

"పిట్టలకనుకున్నవా? నీకే కట్టిన. రోజు కండ్లల్ల కొడితే ఎప్పుడన్న చెప్తవని చూసిన. ఇరవై రోజులు పట్టింది నీకు."

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ ఏదో పెద్ద సంగతే జరిగిందని తెలిసినట్టుంది. ఆపాను పువ్వు పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. ఆపా పాస్ కనబడేలా ముందుకు లాక్కుని, ఆ తెల్లకార్డును బోర్లా తిప్పిపెట్టి, అప్పుడు నవ్వింది. సాయంత్రం వాళ్లవాళ్లంతా వచ్చినప్పుడు కూడా కార్డు బోర్లానే ఉంది. ఒక్కొక్కరినీ పిలిచి వాసన చూపించింది. మొగ్గల మాట ఎత్తలేదు, నా పేరూ ఎత్తలేదు. ఆ రోజు నా పువ్వుకు మూడో బహుమతి వచ్చింది. వచ్చిందన్న సంగతే రాత్రి భోజనాల దగ్గర గుర్తొచ్చింది.

మరునాడు ఆపా సీడీలన్నీ విప్పేసింది, ఒక్కటి తప్ప. అది ఇంకా అక్కడే తిరుగుతోంది. ఇప్పటికీ ఆపా మెహిదీపట్నం వెళ్లేటప్పుడు చెట్టుకు నీళ్లు పోయడం నా పనే. తన ఇంటి తాళం చెవి నా చేతిలో పెడుతూ ప్రతిసారీ ఒకే మాట చెబుతుంది.

"నీళ్లు పొయ్యనీకి పోయేటప్పుడు ఫోన్ ఇంట్లనే పెట్టి పో."

పెట్టే వెళతాను.