మాట వినపడే స్పీకరు

దుకాణంలో పెట్టి చూపిస్తే అన్ని స్పీకర్లూ బాగానే మోగాయి. నాకు దిగులు పట్టుకున్నది అందుకే. నాలుగు గోడల మధ్య మోగడం వేరు, సముద్రం ఒడ్డున మోగడం వేరు. ముప్పై ఏళ్లు గ్రౌండులో అరిచినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు.

విడవలూరు దగ్గర హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఖాళీగా ఉన్నాను కదా అని ఊళ్లో ఆడవాళ్లు పదిహేనుమంది పోగై, తమకూ వ్యాయామం నేర్పమన్నారు. తెల్లవారగానే రెండు ఆటోల్లో సముద్రం ఒడ్డుకు పోయేవాళ్లం. అలల హోరు, పైన గాలి. వెనక వరసకు వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే. ఒకరోజు నిజంగానే మాట రాలేదు. నెల్లూరులో గొంతు డాక్టరు పరీక్ష చేసి, ఇక అరవకూడదన్నాడు.

"మరి వెనకున్నవాళ్లకు ఎట్లా వినపడాలండీ?" అని కాగితం మీద రాసి చూపించాను.

"మైకు కొనుక్కోండమ్మా," అన్నాడాయన నవ్వుతూ.

అందరం కలిసి వైరు లేని స్పీకరు కొందామనుకున్నాం. ఒకామె లైట్లు వెలిగేది కావాలంది. ఇంకొకామె పాటలు గట్టిగా వస్తే చాలంది. వెనక వరసలోంచి పిండిమరామె ముందుకొచ్చింది. "నెల్లూరికి నేనొస్తా టీచరమ్మా. కళ్లతో చూసి కొనేది కాదు గదా అది," అంది.

అందరూ నవ్వారు, ఆమె కూడా. ఆమెకు పుట్టినప్పటి నుంచీ చూపు చాలా తక్కువ. వెలుతురూ నీడా తెలుస్తాయి, ఎదురుగా మనిషి ఉంటే ఆకారం తెలుస్తుంది, అంతే. భర్తతో కలిసి పిండిమర నడుపుతుంది. మర చప్పుడు విని పిండి మెత్తగా పడుతోందో బరకగా పడుతోందో చెప్పేస్తుంది. ఆమె నా దగ్గర చదువుకున్న పిల్లే.

నెల్లూరు బస్సులో ఆమె పక్కన కూర్చుంటే ఆ రోజులు గుర్తొచ్చాయి. ఆరో తరగతిలో డ్రిల్లు పీరియడంతా గోడవారన కూర్చునేది. వాళ్ల నాయన పరుపులు కుట్టే మనిషి. బళ్లో చేర్చిన రోజే వచ్చి, పాపను ఆటలకు పంపొద్దని అడిగి వెళ్లాడు. నేనూ సరేనన్నాను. నాకూ అదే సులువుగా తోచింది మరి. ఒకరోజు ఆ పిల్లే నా దగ్గరికొచ్చి అడిగింది. "మీరు ఆ చివర నిలబడి పిలవండి టీచర్. నేను పరిగెత్తుకుంటా వస్తా."

నిలబడి పిలిచాను. వచ్చింది, కానీ వంకరగా వచ్చి వేరుశెనగ చేను కంచె దగ్గర తేలింది. గాలి నా మాటను పక్కకు ఈడ్చుకుపోతోందని అర్థం కావడానికి వారం పట్టింది. అప్పటి నుంచి గాలి వచ్చే వైపున నేను నిలబడి, నా మాట గాలితో పాటు ఆమె దగ్గరికి పోయేటట్టు చూసుకున్నాను. సాయంత్రాలు మిగతా పిల్లలు ఇళ్లకు పోయాక మేమిద్దరమే గ్రౌండులో ఉండేవాళ్లం. "రా, రా, రా" అని నేను పిలుస్తూ ఉంటే, రెండు జడలూ ఎగురుతుంటే, మొహం కొంచెం పైకెత్తి దూసుకొచ్చేది. ఆ పిల్ల వచ్చి నా పొట్టకు ఢీకొని ఆగేది. ఇంత కాలానికి తలుచుకున్నా ఆ తాకిడి నాకు ఒంటికి తెలుస్తుంది.

ఒక సాయంత్రం పక్కనుంచి హెడ్మాస్టరు ఏదో అడిగాడు. తిరిగి జవాబు చెప్పాను. ఎంతోసేపు కూడా కాదు, రెండు ముక్కలు. ఆ పిల్ల వాలీబాల్ స్తంభానికి గుద్దుకుంది. పెదవి చీలి గౌను నిండా రక్తం. ఆ రాత్రంతా ఇక ఈ పిచ్చి పని మానేయాలనుకున్నాను.

మర్నాడు బడి తెరవకముందే వాళ్ల నాయన వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కనుబొమల మీద దూది నూగు. తిడతాడనుకుని తల వంచుకున్నాను.

"పాప ఏడవలేదు టీచరమ్మా," అన్నాడు. "మా టీచరు మధ్యలో పిలవడం ఆపేసింది నాయనా అని మాత్రం చెప్పింది. ఈసారి ఆపొద్దండి. చివరిదాకా పిలవండి."

ఆ ఏడాది మండలం ఆటల్లో, చివర నిలబడి ఆపకుండా పిలుస్తూ, ఆమెను చూపున్న పిల్లలతోనే పరిగెత్తించాను. ఆరుగురిలో ఐదోదిగా వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "నా వెనకాల ఒకరి అడుగులు వినపడినాయి టీచర్! నా వెనకాల!" అని గంతులేసింది. బహుమతులు తీసుకున్న ముగ్గురి మొహాలు నాకు గుర్తులేవు.

నెల్లూరులో బస్సు దిగి దుకాణానికి వెళ్లాం. యజమాని ముందుగా లైట్లున్న పెద్ద స్పీకరును దించాడు. పాట పెట్టగానే అద్దాల బీరువాలు అదిరాయి. "పెళ్లి ఊరేగింపులకు గూడా దీన్నే తీసుకపోతుండారమ్మా," అన్నాడు.

"దడ ఎక్కువుండాదన్నా దీనికి," అంది పిండిమరామె. "గుండెల్లో కొడతా ఉండాది గానీ మాట తెలీడంలా. పాట ఆపి టీచరమ్మ లెక్క పెట్టు."

ముందురోజు మెల్లగా లెక్క చెప్పి నా ఫోన్లో రికార్డు చేసి తెచ్చాం. "ఒకటి, రెండు, చేతులు పైకి..." అదే పెట్టాడు. తర్వాత ఆమె ఇంకో కోరిక కోరింది. "బయట పెడతావా అన్నా?"

"రోడ్డు మీదా? దుమ్ము పడతాది గదమ్మా."

"మేము తీసుకపోయేది ఇసకలోకి."

ఆయన నవ్వి, మెట్ల మీద స్టూలు వేసి ఒక్కొక్కటే పెట్టి మోగించాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని నాలుగు దుకాణాల అవతల టీకొట్టు దాకా తీసుకుపోయాను. బస్సులు, ఆటోలు, హారన్లు. ఆమె తల ఒక పక్కకు వంచి వింది. పెద్దదాంట్లో నా లెక్క ముద్దముద్దగా వచ్చింది. మరీ చిన్నదాంట్లో "ఒకటి" వినపడి "రెండు" బస్సు కింద పడిపోయింది. మూడోది, చేసంచిలో పట్టేది, నలిగిన గొంతునే అయినా ముక్కముక్కా విడదీసి పలికింది. ఆమె నా చెయ్యి నొక్కింది.

అంతటితో వదల్లేదు. దాన్ని చేతిలోకి తీసుకుని వేళ్లతో తడిమింది. ఛార్జింగు పెట్టే చోట రబ్బరు మూత బిగుతుగా ఉందో లేదో నాలుగుసార్లు తీసి పెట్టింది. "మరలో పిండి ఎట్టా దూరతాదో నాకు తెలుసన్నా. ఇసకా అంతే," అంది. నీళ్లు పడినా ఏమీ కాదని ఆయన చెబితే, "ఉప్పు గాలికో?" అని అడిగింది. వాడిన తర్వాత తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టమన్నాడు. బట్టకు తగిలించుకునే చిన్న మైకు కూడా దాంతోపాటే వచ్చింది. ఛార్జింగు మా వ్యాయామం మూడు పూటలకు సరిపోతుందన్నాడు.

మొదటిరోజు ఇసకలో పెడితే శబ్దం సగం ఇసకే మింగేసింది. చేపలు పెట్టే ప్లాస్టిక్ పెట్టె ఒకటి బోర్లించి దాని మీద, గాలి వచ్చే వైపుకు జరిపి పెట్టాం. మైకు పైటకు తగిలించుకుని, ఇంట్లో మాట్లాడినట్టు "చేతులు పైకి" అన్నాను. వెనక వరసలో కూడా చేతులన్నీ ఒక్కసారి లేచాయి. నేను ఆయాసపడితే ఆ ఆయాసమూ ఒడ్డంతా వినపడి అందరూ పకపకా నవ్వారు.

నాకు మాత్రం కాసేపు ఏమీ బాగాలేదు. పిండిమరామె మొహం నా వైపు లేదు, ఆ పెట్టె వైపు ఉంది. నా మాట అక్కడినుంచి వస్తోంది మరి. తప్పు ఆమెది కాదు, స్పీకరుదీ కాదు. రెండో వారానికి నేనే పెట్టె పక్కన నిలబడటం మొదలుపెట్టాను.

గొంతు ఇప్పుడు కొంచెం తెరుచుకుంది. వ్యాయామం అయ్యాక ఒక పాట పెట్టుకోవడానికి ఒప్పుకున్నాను, ఒకటి కాస్తా మూడయ్యాయి. నేను మనుబోలులో చెల్లెలి దగ్గరికి పోయిన రోజుల్లో మైకు పిండిమరామె తగిలించుకుంటుంది. మొన్న తిరిగొచ్చేసరికి ఆడవాళ్లంతా నా మీదికి వచ్చారు.

"ఆమెకు మైకు ఇయ్యబాకండి టీచరమ్మా! ఎవరు చేతులు దించినారో చప్పుడును బట్టే కనిపెట్టేస్తుండాది. ఊపిరన్నా పీల్చుకోనీదు!"

ఆమె చేపల పెట్టె మీద కూర్చుని, తడిగుడ్డతో స్పీకరు తుడుచుకుంటూ, ఏమీ విననట్టే ఉంది.