ఇరవై రెండు మెట్లు మోసిన తల్లి

బుధవారం పొద్దున్నే మా పాత సెంటర్ ఆయా ఫోన్ చేసింది. "మేడంగారూ, రోజూ పాపని ఎత్తుకొచ్చే అమ్మ పోయిందండి. మిల్లులో వడ్లు ఆరబోస్తా పడిపోయిందంట." ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట.

తొంభైల చివర్లో నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పేదాన్ని. మా సెంటర్ ఒక పాత మేడ మీద ఉండేది. కింది గదుల్లో పాత ఫైళ్లు, విరిగిన బెంచీలు. పైన నడవలేని పిల్లలు. ఇప్పుడు పోయిన ఆవిడ మండపేట రైస్ మిల్లులో కూలి. పదేళ్ల కూతురికి నడక లేదు, మాట లేదు. ఆ పిల్లని చంకనేసుకుని రోజూ ఇరవై రెండు మెట్లు ఎక్కేది. పైకి రాగానే కూతురి గౌను సర్ది, జుట్టు దువ్వి, ఆ తర్వాతే తన చెమట తుడుచుకునేది.

ఒక ఏడాది, సెంటర్ ఎలా నడవాలో తల్లిదండ్రుల్నే అడగమని ఉత్తర్వు వచ్చింది. నేను నోటీసు అంటించి ఊరుకున్నాను. ఇల్లిల్లూ తిరిగింది ఆవిడే. బిడ్డని నలుగురిలోకి తేవడానికి సిగ్గుపడేవాళ్ల గడపలో కూర్చుని, "మన పిల్లల గురించి మనం కాపోతే ఎవరు చెబుతారండీ?" అని బతిమాలి, ఏడుగురు తల్లుల్ని మీటింగుకి తీసుకొచ్చింది.

మీటింగు పెట్టడానికి వచ్చిన ఆఫీసరుగారు కాఫీ తాగుతూ విన్నారు. ఆవిడ లేచి, "గది కిందికి మార్పించండి బాబూ, అదొక్కటి చాలు" అంది.

"ఏంటమ్మా, ఏం చదువుకున్నావని మాకు సలహాలు చెప్తున్నావ్?" అన్నారాయన. ఒకరిద్దరు నవ్వారు.

"చదువుకోలేదండి. మోశానండి."

ఆయన వెళ్తూ నా చేత రిజిస్టర్లో రాయించారు: 'తల్లిదండ్రులు సంతృప్తి వ్యక్తం చేశారు.' దాని కింద ఆవిడ చేత వేలిముద్ర వేయించింది నేనే. "గది సంగతి రాశారా అండీ?" అని అడిగింది. "రాశానమ్మా" అన్నాను. ఆవిడ నాకు దణ్ణం పెట్టింది.

మరో నాలుగేళ్లు మోసింది. పిల్ల బరువెక్కింది, ఆవిడ నడుం వంగింది. చివరికి తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారి, మోకాళ్ల నొప్పితో తానే ఆ మెట్లు ఎక్కలేక, వారంలో గది కిందికి మార్పించాడు. ఆ జూన్‌లోనే ఆవిడ కూతురికి వయసు దాటిందని పేరు కొట్టేయమన్నారు. కొట్టేశాను.

చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. కూతురికి అన్నం పెడుతూ వింది. కూతురి మూతి తుడిచి, "పోన్లెండి, మిగతా తల్లులకి నడుం మిగుల్తాది" అంది. నన్ను తిట్టి ఉంటే ఇంటికి తేలిగ్గా వెళ్లేదాన్ని.

పేరు కొట్టేశాక కూడా ప్రతి మీటింగుకీ వచ్చింది. ఎవరి వేలిముద్రైనా పడేముందు, "రాసింది ఒకసారి పైకి చదవండి మేడంగారూ" అనేది. చాలా మర్యాదగా అనేది. ఆవిడకి అంతా తెలుసునని అప్పుడు నాకు అర్థమైంది. అప్పటినుంచి ఆ రిజిస్టర్లో ఒక్క అబద్ధమూ రాయలేకపోయాను. నాకు ఆ పని నేర్పింది చదువురాని ఆ తల్లే.

ఆ బుధవారం నేను వాళ్లింటికి వెళ్లేసరికి శవాన్ని తీసుకెళ్లిపోయారు. గోడవారగా చాప మీద, ఇప్పుడు ఇరవై దాటిన ఆ కూతురు ఒక్కతే ఉంది. గుమ్మంలోంచి ఎవరు వచ్చినా ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాపుతోంది. వచ్చినవాళ్లు పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. నాకూ చాపింది. చంకల కింద చేతులు వేసి లేపబోయాను. నా వల్ల కాలేదు. జారి మళ్లీ చాప మీద కూలబడింది. నా ముఖంలోకి చూసి, మళ్లీ చేతులు చాపింది.