అవ్వ శనివారం మాట్లాడిన రోజు

చలికాలం మొదలై బెంగుళూరులో మా వీధికి అనపకాయల బండి వచ్చిందంటే, మంచుకు తడిసిన ఆ కాయల జిడ్డు వాసన ముక్కుకు తగిలి, చేతిలోని పని చేతిలోనే ఉండగా నేను కేజీఎఫ్‌లోని గని పనివాళ్లకు వరసగా కట్టిన మా లైను ఇంట్లో ఉంటాను. రేకుల కప్పు, ఒకే గోడకు ఇటు మేము, అటు తమిళం మాట్లాడే స్టెల్లా అక్క, గాలి లేచిందంటే గని రాయి పొడిచేసి పారబోసిన సయనైడు గుట్టల మీది ఇసుకంతా ఆరేసిన బట్టల మీదికి రావడం, అమ్మ దాన్ని తిట్టుకుంటూ బట్టలు దులపడం, అన్నీ ఆ వాసన వెంటే వస్తాయి. గనులు సర్కారు చేతికి వచ్చి ఏళ్లు గడిచినా మా లైనులో ముసలివాళ్లు ఇంకా దొరల కాలం కబుర్లే చెప్పుకునేవాళ్లు.

నాన్న బంగారు గనిలో పనిచేసేవాడు. ఆయన మొదటిసారి లోపలికి దిగిన రోజున, పలమనేరు పక్క పల్లె నుంచి కొడుకు వెంట వచ్చిన మా అవ్వ తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. శనివారం తెల్లవారింది మొదలు దీపం పెట్టేదాకా ఒక్క మాటా మాట్లాడకూడదు. ఏ అయ్యవారూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. తాను మౌనం పడితే ఏడుకొండలవాడు భూమి లోపల ఉన్న కొడుకును కాపాడతాడని ఆమె నమ్మకం.

మాకు మాత్రం శనివారం పండగే. తిట్టలేని అవ్వ ముందు ఎన్ని కోతివేషాలు వేయవచ్చో అన్నీ వేసేవాళ్లం. పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలను ఒక్కొక్కటే పితుకుతూ కూర్చుని, మేము మితిమీరితే గురిచూసి ఒక గింజ విసిరేది, అది సరిగ్గా చెవికే తగిలేది. స్టెల్లా అక్క మొగుడి మీద ఉన్న కోపమంతా శనివారానికి దాచుకుని వచ్చేది, ఆ రోజైతే అవ్వ మధ్యలో అడ్డుపడి బుద్ధులు చెప్పదు కదా!

అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం నేల కింద దడేల్మంది. లోపల బండ పగిలితే ఇంట్లో గిన్నెలు గలగలమనడం మాకు కొత్త కాదు, కానీ ఆ రోజు అటక మీది ఇత్తడి బిందె దొర్లి కింద పడింది, గోడ నెర్రె విచ్చింది. జనమంతా గని వైపు పరుగెత్తారు. నాన్న పొద్దుటి షిఫ్టుకు వెళ్లి ఇంకా లోపలే ఉన్నాడు. తమ్ముడు కడుపులో ఉన్న అమ్మ కూడా లేవబోతే, అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అమ్మ ఏడవలేదు. రెప్ప వేయకుండా, ఊపిరి బిగబట్టి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"అత్తా, వస్తాడని ఒక్క మాట చెప్పత్తా."

అవ్వ దేవుడి పటం వైపు చూసింది. పెదవులు బిగించుకుంది. కొడుకు లోపల ఉండగా, అదీ ఇలాంటి గడియలో, వాడి కోసం పట్టిన మౌనాన్ని ఎలా విడిచిపెడుతుంది? అమ్మ మళ్లీ "అత్తా" అంటూ ఆమె కొంగు పట్టుకుంది.

"వస్తాడమ్మా. యాడికి పోతాడు? ఏడు, గట్టిగా ఏడ్చేయి. కడుపులో బిడ్డుండాది, బిగబట్టుకోవద్దు," అంది అవ్వ.

అమ్మ భోరుమంది. ఆ తర్వాత అవ్వ ఆగలేదు. నాన్న చిన్నప్పుడు శ్రీనివాసపురంలో మేనత్త ఇంటికి వెళ్లి మామిడికాయలు దొంగిలించిన కథ చెప్పింది. "ఆ తోటమాలి కుక్కే వాణ్ణి పట్టుకోలేకపోయినాది, ఇంగ ఈ బండలు పట్టుకుంటాయా?" అంటే అమ్మ ఏడుపులోనే నవ్వింది. పొద్దు వాలేదాకా అవ్వ మాట్లాడుతూనే ఉంది, అమ్మ ఊపిరి తీస్తూనే ఉంది.

దీపాల వేళకు నాన్న వచ్చాడు, ఒళ్లంతా దుమ్ముతో. అవ్వ ఎదురు పోలేదు, ఉన్నచోటే నిలబడి, "ఈ పొద్దు నోరు తెరిచేసినానప్పా," అంది భయంభయంగా. నాన్న అమ్మ వైపు చూసి, "అందరూ బాగుండారు కదమ్మా, ఇంగేం కావాల," అన్నాడు. ఆ తర్వాతి శనివారం అవ్వ మళ్లీ మౌనం పట్టింది, ఏమీ జరగనట్టే.

ఇప్పుడు గనులు మూతపడ్డాయి. లైను ఇళ్లు సగం పాడుబడ్డాయి, ఉన్న ఇళ్లలోని పిల్లలు తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరు పనులకు పోతారు. భూమి లోపల ఎవరూ లేరు, వాళ్ల కోసం పైన మౌనం పట్టేవాళ్లూ లేరు. అవ్వ పోయింది, నాన్న పోయాడు. నాకు నేను పెట్టుకున్న నియమాలు నా వాళ్లకే అడ్డం వచ్చినప్పుడల్లా ఆ మధ్యాహ్నం తలచుకుని కళ్లు తుడుచుకుంటాను. కొడుకు ఇంకా లోపల ఉండగానే అవ్వకు అంత ధైర్యం ఎలా వచ్చిందని మొన్న అమ్మను అడిగాను.

"పురుడైనాక నేనూ అడిగినాను పాపా," అంది అమ్మ. "'నా కొడుకును చూసుకునేదానికి దేవుడుండాడు. నిన్ను చూసుకునేదానికి ఆ పొద్దు నేను తప్ప ఎవురుండారే?' అనింది."