మాట పోయిన బ్యూగులర్

నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాటీ ఎక్కేసరికి కంబళ్ళు తడిసి బరువెక్కాయి. బూట్లలో జలగలు. కొండమీది తిరుగుబాటుదార్లను పట్టుకోవాలని మా సిపాయి దళాన్ని పంపారు. వాళ్ళు మాకు కనబడేవారు కాదు. మేం వాళ్ళకు కనబడుతూనే ఉన్నామని తెలుసు. ఆకు కదిలితే చెయ్యి తుపాకీ మీదకు పోయేది.

గుడారంలో నా పక్క చోటు, దళానికి బూరా ఊదే బ్యూగులర్‌ది. బొబ్బిలి వైపు మనిషి. పెద్ద యుద్ధంలో బస్రా దాకా వెళ్ళొచ్చాడు. నోరు మూసేవాడు కాదు. "ఆ ఎడారే నయంరా. శత్రువు ఎటేపున్నాడో తెలిసేది" అనేవాడు.

లంబసింగి దిగువన ఒక గూడేన్ని తెల్లవారుతూనే చుట్టుముట్టాం. చాపిన చెయ్యి కనబడనంత మంచు. మా సుబేదారు సైగ చేశాడు. బ్యూగులర్ ఊదాడు. ఆ మోతకి జనం బయటపడి ఎటు పడితే అటు పరుగెత్తారు. చంటిపిల్లతో ఉన్న ఒకామె బండ అంచు చూసుకోక జారి పడింది. లోయలోకి దిగింది బ్యూగులరే. పిల్ల బతికింది. తల్లి పోయింది. పిల్లను తెచ్చి, ఆ తల్లిని కన్న అవ్వ చేతికిచ్చాడు. తిరుగుబాటుదారు ఒక్కడూ దొరకలేదు.

ఆనాటి నుంచి అతనికి మాట లేదు. బ్యూగిల్ పెదాలకు ఆనిస్తే ఉత్త గాలి వచ్చేది.

"నాటకాలు. ఇంటికి పోడానికి ఎత్తు వేసేడు" అన్నాడు సుబేదారు. సామానంతా వీపుకెత్తి, పడిపోయేదాకా వానలో కవాతు చేయించాడు.

కింది క్యాంపు నుంచి డాక్టరు వచ్చాడు. మంచివాడు. గొంతులో దీపం వేసి చూశాడు. "నాటకం కాదు, హిస్టీరియా. యుద్ధంలో చాలామందికి చూశాను."

కవాతు ఆగింది. వేడి పాలు ఇచ్చారు. తుపాకీ తీసేసుకున్నారు. తిట్టినవాళ్ళే జాలిపడ్డారు, కానీ పక్కన కూర్చుని తినడం మానేశారు. గూడెంలో జరిగింది నేను డాక్టరుకు చెప్పాను. "అవును, దానివల్లే. విశ్రాంతి కావాలి" అన్నాడు. అంతే. జబ్బుకి పేరు దొరికాక ఆ తల్లి సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది.

అతను మాత్రం కుదురుగా ఉండలేకపోయాడు. వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం గూడెం వైపు నడిచిపోయాడు. తీసుకురమ్మని నన్ను పంపారు. నేను చేరేసరికి అవ్వ గుమ్మంలో పిల్లకి అంబలి తాగిస్తోంది. అతను ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"నువ్వేనేటి, ఊదినోడివి?" అంది అవ్వ.

అతని మెడ నరాలు పొంగాయి.

"నేనే."

అవ్వ తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. "నా కూతురి పేరు సిలకమ్మ" అంది.

"సిలకమ్మ" అన్నాడు అతను.

డాక్టరు సంతోషించాడు. పూర్తిగా నయమైందన్నాడు. మర్నాడే సుబేదారు బ్యూగిల్ తెచ్చి చేతికిచ్చాడు. వెళ్ళాల్సింది ఇంకో గూడేనికి.

"ఊదను."

"ఏటన్నావు?"

"గొంతు బాగానే ఉందండి. ఊదను."

నిన్నటిదాకా రోగి. ఇప్పుడు ధిక్కారం చేసిన సిపాయి. బేడీలు వేశారు.

మా దళం కొండ దిగిన రోజే అతన్నీ విచారణకి దించారు. సంతకి ఎక్కేవాళ్ళు కావిళ్ళతో ఎదురయ్యారు. అతను ప్రతి ఒక్కరికీ చెబుతూ నడిచాడు, ఆ పొద్దున ఏం జరిగిందో. సుబేదారు కసిరినా ఆగలేదు. తర్వాత అతనేమయ్యాడో నాకు తెలీలేదు. నేను ఇంటికొచ్చి పొలం పట్టుకున్నాను.

ఇన్నేళ్ళూ నా కళ్ళముందు నుంచి పోనిది ఘాటీలో ఒక మలుపు. ఒక కొండ మనిషి భుజం మీంచి కావిడి దించి, దారి పక్కన నిలబడి, బేడీలున్నవాడి మొహంలోకి చూస్తూ వింటున్నాడు.