ఆమె పేరు రాయను

ఒక మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్‌లో, బెంచీ మీద నా పక్కన కూర్చున్నామెను మాటల్లో పేరు అడిగాను. చెప్పింది. నవ్వు ఆపుకోలేకపోయాను. అది ఇంటింటా ఉండే బట్టల సబ్బు పేరు.

"నవ్వక్కా, ఫికర్ లేదు. దుబాయిల గూడ గిట్లనే నవ్విన్రు," అంది.

అక్కడ ఒక ఇంట్లో పన్నెండేళ్లు వంట చేసిందట. ఆ సబ్బు అక్కడా అందరికీ తెలుసు. పిల్లలు ప్యాకెట్ చూపించి ఆటపట్టిస్తుంటే, ఇంటావిడ ఆమె పేరు మార్చి 'మేరీ' అని పిలవడం మొదలుపెట్టింది.

"నా పేరు మా అక్కనే వెట్టింది. మొన్న దవాఖానల పానం పోయే ముందు నన్ను రెండుసార్లు పిలిచింది. పక్కల్నే ఉన్న. నన్నే అని సమజ్ కాలే, పలకలే. నర్సమ్మ వచ్చి భుజం తట్టేసరికి అక్క కండ్లు మూసింది."

అంతలో రైలొచ్చింది. ఆమె సంచీ మరిచిపోయి రైలుపెట్టె వైపు నడిచింది. పేరు పెట్టి పిలిచాను. మళ్లీ గట్టిగా పిలిచాను. తిరగలేదు.

"మేరీ!" అన్నాను.

చటుక్కున వెనక్కి తిరిగింది. సంచీ అందుకుంటూ నా ముఖం చూడలేకపోయింది.

ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. రాస్తే మీకూ ముందు సబ్బే గుర్తొస్తుంది. నేను మాత్రం, బేగం బజార్‌లో ఎవరైనా ఆ సబ్బు అడిగితే, ఆమె వచ్చిందేమోనని చుట్టూ చూస్తాను.