మగ్గం గుంత పూడ్చిన గది

గోడలకు వేయించిన తెల్లరంగు వాసన ఇంకా పూర్తిగా పోలేదు. అద్దాల తలుపు ఎప్పుడూ వేసే ఉంచుతాను కాబట్టి, రోజూ పొద్దున తాళం తీయగానే ఆ వాసన నాకంటే ముందే వచ్చి కూర్చున్నట్టుగా ముక్కుకు తగులుతుంది. సోలాపూర్ దాజీ పేట్‌లో మా ఇంటి ముందుగదే ఇప్పుడు నా వకీలు ఆఫీసు, పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. మొన్న అశోక్ చౌక్ నుంచి ఇంటి తగాదా పట్టుకొచ్చిన ఒక పెద్దాయన కుర్చీలో సర్దుకుని చుట్టూ చూసి, "జాగ చిన్నదే గని మస్తు మోకళగున్నది వకీలమ్మా" అన్నాడు. మోకళ అంటే మరాఠీలో విశాలంగా, ఊపిరాడేటట్టు అని. నేను నవ్వి ఫైలు తెరిచాను. ఆ విశాలం కోసం నేనేం చేశానో ఆయనకేం తెలుసు.

ఆఫీసును ఇలా తీర్చిదిద్దిన కుర్రాడు గదిని పెద్దదిగా చూపించే చిట్కాలు చాలానే చెప్పాడు. రంగు తెల్లగా ఉండాలట, సామాను నేలమీద కాక గోడకు వేలాడాలట, గడపకూ కిటికీకీ మధ్య చూపుకు ఏదీ అడ్డం రాకూడదట. అతను వేలు తిప్పుతూ చెబుతుంటే నాకు లోపల నవ్వొచ్చింది. చదువుకోని మా లచ్చవ్వత్త ఈ చిట్కాలన్నీ ఇదే గదిలో, నేను లంగా జాకెట్టు వేసుకు తిరిగే రోజుల్లోనే చేసి చూపించింది.

లచ్చవ్వత్త మా బాపుకు అక్క. చిన్నవయసులోనే భర్త పోతే మా ఇంటికొచ్చింది. బాపు కుంఠా నాకా దగ్గర పవర్‌లూమ్‌కు కూలికి పోవడం మొదలుపెట్టాక ముందుగదిలో చేతిమగ్గం అత్తదైంది. గదిలో సగం మగ్గమే. మిగతా సగంలో అయిదుగురం తినేవాళ్ళం, పడుకునేవాళ్ళం, పోట్లాడుకునేవాళ్ళం. అయినా ఇరుకని ఎవరమూ అనుకోలేదంటే అది అత్త చలవే. పండగకొకసారి సున్నం కొట్టించేది, పొద్దున్నే బొంతలన్నీ మడిచి దూలానికి కట్టిన తాళ్ళ ఊయలలో పెట్టేది, చిలపలుగా చుట్టిన నూలు, జొన్నల సంచి, చివరికి నా బడిసంచి కూడా పైనే వేలాడేవి. నేలమీద ఏదైనా కనబడితే చాలు, "కాళ్ళు యాడ వెట్టాలె నేను, నీ నెత్తి మీద్నా?" అని కసిరేది.

రాఖీ పున్నమి మాకు నూలు పున్నమి, ఆ రోజు మగ్గాలన్నీ ఆగేవి, గల్లీ అంతా చప్పుడు మానేసి కొత్తగా, కాస్త బెంగగా ఉండేది, బెల్లం కొబ్బరి అన్నం వాసన ఇంటింటి నుంచీ వచ్చేది, తెలంగాణ నుంచి చుట్టాలు పసుపు రాసిన నూలుపోగులు పట్టుకుని దిగేవాళ్ళు. ఇరవైమంది ఆ గదిలో ఎలా పట్టేవాళ్ళంటే, పిల్లలందర్నీ అత్త మగ్గం గుంతలోకి దింపేది. నేసేవాళ్ళు గట్టుమీద కూర్చుని కాళ్ళు వేలాడేసుకునే గుంత అది, మా నడుములోతు. అందులో కూర్చుని పల్లీల శేంగా చట్నీ, జొన్న భాకరీ తింటూ తలెత్తి చూస్తే పెద్దవాళ్ళ పాదాలు మా ముఖాలకు సమంగా ఉండేవి, పైకప్పు ఎక్కడో ఆకాశంలో ఉన్నట్టుండేది. అంత పెద్ద గదిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు, హైకోర్టు హాలుతో సహా. సోలాపూర్ ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గుంతలోనే చల్లటి మట్టికి వీపు ఆనించి నిద్రపోయేదాన్ని, మెలకువ వచ్చేసరికి అత్త నన్ను లేపడం ఇష్టం లేక నేత ఆపేసి గట్టుమీద ఊరికే కూర్చుని ఉండేది. ఆ ఆగిన గంటకు ఎంత నేత పోయిందో అప్పుడు నాకు తెలియదు.

మా మగ్గానికి ఒక మర్యాద ఉండేది. చీర కోసి తీసినప్పుడు పోగులన్నీ తెంపేయరు. దువ్వెనలాంటి అచ్చు ఉంటుంది, పడుగు పోగులన్నీ దాని సందుల్లోంచే వస్తాయి. ఆ అచ్చులో మూరెడు పాత పోగులు వదిలి, కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటీ వేలికి బూడిద అద్దుకుని మెలిపెట్టి అతుకుతారు. అలా ప్రతి చీరా ముందరి చీర కొసతోనే మొదలవుతుంది. మా అచ్చులో పోగులు తన పెనిమిటి వాళ్ళమ్మ నేసిన చీర నుంచి తెగకుండా వస్తున్నాయని అత్త చెప్పుకునేది. తనతోపాటు పుట్టింటికి తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే.

అత్తకు చూపు మందగించి నేత మానేసి చాలా ఏళ్ళయింది. మగ్గం మాత్రం అలాగే ఉంది, అచ్చులో ఆ మూరెడు పోగులతో. కోర్టు దగ్గర ఇంకొకరి టేబులు చివర కూర్చుని ఇన్నేళ్ళు గడిపాక, మొన్న ఎండాకాలంలో నాకూ ఒక ఆఫీసు కావాలనిపించింది. వెనకగదిలో మంచం మీదున్న అత్తను అడిగాను.

"తీసెయ్ బిడ్డా, నీకూ జాగ గావాలె గద. అచ్చు మాత్రం తెంపకు. అతుకు పోగులుంటె ఎవలన్న అతుక్కొని నేస్తరు" అంది.

సరేనన్నాను. ఆ రోజు మేస్త్రీలు వచ్చి నిలబడ్డారు, పాతసామాను కొనే భంగార్ బండివాడు గల్లీలో కేకలేస్తున్నాడు, నాకు పదకొండింటికి కోర్టులో పని. పోగులు చిక్కుపడకుండా అచ్చును విప్పి చుట్టాలంటే ఇద్దరు గంటసేపు కూర్చోవాలి. నేత ఇంట్లో పుట్టినదాన్ని, అదేమిటో తెలియక కాదు. కత్తెర తెచ్చి నేనే కోసేశాను. అచ్చు కట్టెలతో పాటు బండెక్కింది. గుంతలో రాళ్ళూ ఇసుకా పోసి పైన టైల్స్ పరిచారు, దానిమీదే ఇప్పుడు పెద్దమనుషులు కూర్చునే కుర్చీలున్నాయి.

సాయంత్రం అత్త అడిగింది. "అచ్చు యాడ వెట్టినవ్?"

"అటక మీద, గుడ్డల చుట్టి పెట్టిన అత్తా."

కోర్టులో ఎన్ని అబద్ధాలు విన్నానో లెక్కలేదు గానీ, అంత తడబడకుండా చెప్పిన సాక్షిని నేనెప్పుడూ చూడలేదు.

నూలు పున్నమికి అత్త నా చేతికి పోగు కడుతూ, "ఊకె అటక మీద ఎందుకు, నడుస్తున్న మగ్గం ఉన్నోళ్ళకు ఇచ్చెయ్" అంది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేక, కనీసం ఒక పాత అచ్చయినా దొరికితే ఆమె చేతిలో పెడదామని దాజీ పేట్ నుంచి కుంఠా నాకా దాకా రెండు ఆదివారాలు తిరిగాను. ఎక్కడ చూసినా పవర్‌లూమ్‌ల మోత, టవళ్ళు, చద్దర్లు. మగ్గాలున్న ముందుగదుల్లో మొబైల్ రిపేర్లు, జిరాక్సులు, ట్యూషన్లు. గుంత ఎక్కడుండేదో చూపించగలిగినవాళ్ళు కూడా ఇద్దరే దొరికారు. వాళ్ళకూ అచ్చు లేదు.

ఇంటికొచ్చి ఇచ్చేశానని చెప్పాను. ఎవరికని అడిగితే నర్సయ్యకన్నాను, అలాంటి మనిషి ఎవరూ లేడు. అత్త ముఖం ఎంత వెలిగిందంటే నాకు అక్కడినుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది. అప్పటినుంచి రోజూ ఆఫీసు మూసి లోపలికి రాగానే అడుగుతుంది, అతుకుడు అయిందా, పోగులేమన్నా తెగినయా, అంచు ఏం రంగు వెడ్తున్నడని. నేనూ ఒక్కొక్కటీ చెబుతూ పోతున్నాను.

నిన్న, "చీర యాడిదాక వచ్చిందే?" అంది.

"కొంగు దాక వచ్చిందత్తా" అన్నాను.

మా పేటలో నడుస్తున్న చేతిమగ్గం ఇప్పుడా నర్సయ్యదొక్కటే.