మొదటి గీత

కొత్త వస్తువు కంటపడితే దాన్ని పాతది చేసేదాకా శోభనాద్రిగారి చెయ్యి ఊరుకోదు.

బందరులో రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసే కొట్టు ఆయనది. నడుముకి ఒక తాళాలగుత్తి వేలాడుతూ ఉంటుంది. దాంతో ఎన్ని తాళాలు తెరుచుకుంటాయో తెలియదుగాని, ఎన్ని గీతలు పడ్డాయో వీధివీధంతా చెబుతుంది. పక్కింటి సరోజగారు ఫ్రిజ్ కొన్నరోజున చూడ్డానికి వెళ్ళి, "దివ్యంగా ఉందమ్మా" అంటూనే తలుపు మీద బెత్తెడు గీత గీసి వచ్చారు. భార్య సత్యవతి కొత్త స్టీలు బిందె తెస్తే, అది గడప దాటకముందే సొట్టపెట్టారు. తన కొత్త చెప్పులతో మొదటిరోజే వెతుక్కుంటూ వెళ్ళి బురదలో నడిచారు. ఆయన వస్తున్నారని తెలిస్తే జనం కొత్త సైకిళ్ళ మీద దుప్పట్లు కప్పేవారు.

"ఇదేం పాడుబుద్ధండీ మీకు?" అని సత్యవతి అడిగితే, "ఎప్పటికైనా పడేదేగా" అనేవారు.

ఈయనతో అందరికంటే ఎక్కువ అవస్థపడ్డది గుడివాడ బసవపున్నయ్యగారు. ఆయనకొక ఆర్కెస్ట్రా పార్టీ ఉంది. పెళ్ళిళ్ళలో, ఉత్సవాల్లో పాటలు పాడిస్తారు. అందులో సౌండు చూసేది శోభనాద్రిగారే. పున్నయ్యగారేమో కొన్న ప్రతి వస్తువుకీ అట్టపెట్టె, కవరు, బిల్లు మూడూ దాచుకునే మనిషి. ఇంట్లో టీవీ రిమోటుని ఆరేళ్ళుగా కవరు మీదనుంచే నొక్కుతున్నారు.

రెండువేల నాలుగు వేసవిలో పార్టీవారి పాత గిటారు మెడ విరిగింది. కొత్తది చూడ్డానికి పున్నయ్యగారు మద్రాసు వెళ్ళొచ్చి, రిహార్సల్ గదిలో అందర్నీ కూర్చోబెట్టారు.

"ఒక ఎలక్ట్రిక్ గిటారు చూశానండీ. రంగు పెచ్చులూడిపోయింది. మరలకి తుప్పు. వెనకాలంతా గీతలు. సెకండ్‌హ్యాండా అని అడిగితే కొట్టువాడు నవ్వాడు. 'కాద్సార్, సరికొత్తది. ఫ్యాక్టరీలోనే పాతది చేశారు' అన్నాడు. నున్నగా మెరిసేదానికంటే దీనికి రేటు రెట్టింపట!"

గాయని భానుమతి వెంటనే అందుకుంది. "అయితే నా గొంతుకీ రెట్టింపు ఇప్పించండి. ఇరవయ్యేళ్ళు పాడి పాడి బొంగురుపోయింది. పైగా ఇది ఫ్యాక్టరీలో చేసింది కాదు."

శోభనాద్రిగారి కళ్ళు మెరిశాయి. "మద్రాసులో తుప్పు అమ్ముతున్నారా! బందరులో సముద్రపుగాలి ఊరికే పంచిపెడుతుంటే మనం నూనె రాసి తుడుచుకుంటున్నామే! మా కిటికీ ఊచలు పంపిస్తే కోటీశ్వరులమైపోతాం బావగారూ."

"నవ్వులాట కాదండీ. కొనాలా, వద్దా?"

"ఆ పాతదే కొనండి."

పున్నయ్యగారు లేచి నిలబడ్డారు. "ఎవడో జీతానికి కూర్చుని గీసిన గీతలకి నేను డబ్బివ్వాలా? అది అబద్ధమండీ! గిటారు మీద గీత ఉందంటే దానికో ఊరుండాలి. ఇది ఉయ్యూరులో పడింది, ఇది బంటుమిల్లిలో స్టేజి కూలినప్పుడు పడింది అని చెప్పుకోవాలి. ఫ్యాక్టరీ గీతకి నేను ఏ ఊరు చెప్పుకోను?"

మాట గట్టిదే. భానుమతి కూడా తలూపింది. శోభనాద్రిగారు మాత్రం తొణకలేదు.

"ఊరిదేముందండీ, మెల్లగా అదే వస్తుంది. వాయించేవాడి చెయ్యి బెదరకూడదు. మెరిసేది తెచ్చారో, పెద్దిరాజు వాయించడు. కాపలా కాస్తాడు."

పెద్దిరాజుది దివిసీమలో సముద్రపొడ్డు ఊరు. వేటకి వెళ్ళని నెలల్లో పార్టీలో గిటారు వాయిస్తాడు. వలతాళ్ళు లాగి లాగి కాయలు కాసిన వేళ్ళు అతనివి. అవి తీగల మీద పడితే పెళ్ళివారి వంటవాళ్ళు కూడా గరిటెలు వదిలేసి వచ్చేవారు. నీ మాటేమిటని అడిగితే, "నాదేముందండి, మీరేది తెస్తే అదేనండి" అన్నాడు.

పున్నయ్యగారు తన మాటే నెగ్గించుకున్నారు. వారం తిరక్కుండా ఎర్రటి కొత్త గిటారు వచ్చింది. అద్దంలా మెరుస్తోంది. పున్నయ్యగారు అందులో చూసుకుని మీసం దువ్వుకున్నారు. శోభనాద్రిగారు దానికి మూడు గజాల దూరంలో ఉండాలని ఆజ్ఞ వేశారు.

పెద్దిరాజు సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని దాన్ని అందుకున్నాడు. చొక్కా గుండీలు తగులుతాయని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. వాయిస్తుంటే పక్కనున్నవాళ్ళకి కూడా వినపడలేదు.

"చూశారా, ఎంత శ్రద్ధో!" అని పున్నయ్యగారు మురిసిపోయారు.

తర్వాతి పెళ్ళి మొవ్వలో. మధ్యాహ్నం భోజనాల వేళ పాటలు. ఉయ్యూరులో తొమ్మిదిరోజుల ఉత్సవాలకి పార్టీని కుదుర్చుకుందామని అక్కడి కమిటీ పెద్ద ఆత్రేయగారు వినడానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆ బేరం తప్పితే ఆ ఏడాదికి పార్టీ మూసుకోవడమే.

మొదటి పాట చప్పగా పోయింది. రెండోపాటలో గిటారు వంతు వచ్చేసరికి, పప్పు వడ్డిస్తున్నాయన స్టేజి వైపు చూసి, "కరెంటు పోయిందేంటండీ?" అని అడిగాడు. ఆత్రేయగారు చేతిగడియారం చూసుకున్నారు. పున్నయ్యగారు కళ్ళెర్రజేసేకొద్దీ పెద్దిరాజు ఇంకా ముడుచుకుపోయాడు. చెమట చుక్క గిటారు మీద పడితే, పాట మధ్యలో ఆపేసి రుమాలుతో తుడిచాడు.

శోభనాద్రిగారు లేచారు. మూడు గజాల ఆజ్ఞ దాటారు. "వైరు వదులైనట్టుంది, ఇలా ఇవ్వు" అని గిటారు తీసుకున్నారు. తాళాలగుత్తి తీశారు. నిండు సభలో, ఎర్రటి రంగు మీద, ఈ చివర నుంచి ఆ చివరకి, బర్రున ఒక్క గీత గీశారు.

"అయ్యో అయ్యో! చంపేశాడు!" అన్న పున్నయ్యగారి కేక మైకులో మొవ్వ అంతా వినపడింది. విస్తళ్ళ ముందు చేతులు ఆగిపోయాయి.

శోభనాద్రిగారు మైకు దగ్గరికి వంగారు. "అందరూ చూశారుగా? గీసింది నేను. పెద్దిరాజు కాదు." గిటారు అతని మెడలో వేసి కిందికి దిగిపోయారు.

పెద్దిరాజు ఆ గీతని ఒకసారి వేలితో తడిమాడు. పెద్దగా ఊపిరి వదిలాడు. గిటారుని పొట్టకి ఆనించుకుని పాట ఎత్తుకున్నాడు. ఇక ఆ పాట సంగతి చెప్పనక్కర్లేదు. వంటశాల ఖాళీ అయింది, పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు, పాట అయ్యేసరికి సాంబారు చల్లారిపోయింది. ఆత్రేయగారు అక్కడే తారీఖులు చెప్పేశారు.

తిరుగు ప్రయాణంలో, వ్యానులో, పున్నయ్యగారు ఉండబట్టలేకపోయారు.

"బేరం కుదిరింది సరే. నా గిటారు మీద గీతేమిటండీ?"

శోభనాద్రిగారు అప్పడం కొరుకుతున్నారు. వెనకసీటు నుంచి పెద్దిరాజు జవాబు చెప్పాడు.

"తప్పుగా అనుకోకండి పున్నయ్యగారండి. ఈ గిటారు మా పడవకంటే ఖరీదండి. గీత పడితే మీకేం చెప్పుకోవాలో తెలీక, నాలుగురోజుల్నించీ అన్నం సయించలేదండి."

పున్నయ్యగారికి అప్పుడు గుర్తొచ్చింది. జాగ్రత్త, జాగ్రత్త అని అతనికి రోజుకి పదిసార్లు చెప్పింది తనే.

"మొదటి గీత పడేదాకా మనిషి వస్తువుకి జీతగాడు బావగారూ" అన్నారు శోభనాద్రిగారు. "అది వాడి చేత్తో పడితే వాడు జన్మంతా కుమిలిపోతాడు. నా చేత్తో పడితే నాలుగు తిట్లతో పోతుంది. నాకు తిట్లు బాగా అరుగుతాయి."

భానుమతి కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంది.

పదిరోజుల తర్వాత బందరు కొట్టుకి ఫోను వచ్చింది.

"శోభనాద్రిగారూ, మా ఆవిడకి మోపెడ్ కొన్నానండీ. నేర్చుకుంటానని ఎంతో సరదాపడింది. తీరా వచ్చాక వారంనుంచీ తుడుస్తోందిగాని ఎక్కడం లేదు. ఒకసారి గుడివాడ వచ్చి వెళ్ళకూడదూ?"

"వస్తాను బావగారూ. ఏ పక్కన గీయమంటారు?"

పున్నయ్యగారు కాసేపు ఆలోచించారు.

"ఎడంపక్కన గీయండి. కుడిపక్క ఆవిడకి వదిలేద్దాం."